పంపు విప్పే ముందు

పాత డీజిల్ పికప్ నడుస్తూ నడుస్తూ ఆగిపోవడానికి, బరువు వేస్తే లాగకపోవడానికి కారణాలు ఎన్నో. ఇంజిన్‌కు సంబంధించినవన్నీ మూడు ప్రశ్నల్లోకే వస్తాయి: డీజిల్ సరిగ్గా అందుతోందా, గాలి సరిపోతోందా, ఆ గాలిని నొక్కే బలం సిలిండర్లలో ఉందా? డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని ఇంచుమించు ఇరవయ్యో వంతుకు నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ప్లగ్ లోపం అనే మాటే ఉండదు కాబట్టి పాత బండిలో లోపాన్ని ముందుగా ఇంధనం వచ్చే దారిలో వెతకాలి.

సూరత్‌లో పాండేసరా వైపున్న వడోద్ లాంటి చోట్ల ఇది రోజువారీ సమస్య. మరమగ్గాల షెడ్ల నుంచి గుడ్డ తాకాలను (తానులను) ప్రాసెసింగ్ మిల్లులకు, అక్కడి నుంచి రింగ్ రోడ్డు మార్కెట్లకు చేర్చేది టెంపోలూ పికప్‌లే. తెలంగాణ నుంచి వచ్చి లింబాయత్, ఉధ్నా, పాండేసరాల్లో స్థిరపడిన నేత కుటుంబాల పని కూడా ఈ బండ్ల రాకపోకలతో ముడిపడినదే. నిండా సరుకుతో ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఇంజిన్ ఆగితే ఆ రోజు బేరం పోయినట్టే. అప్పుడు చాలామంది మొదట అనుమానించేది డీజిల్ పంపును. విప్పి బాగు చేయిస్తే ఖర్చు వేలల్లో ఉంటుంది. నిజానికి లోపం పంపులో కంటే పంపుకు డీజిల్ చేరే దారిలోనే ఎక్కువసార్లు ఉంటుంది.

ఇంజిన్ ఆగిన తీరును గమనిస్తే సగం పని అయినట్టే. స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే పంపు మీదున్న స్టాప్ సోలనాయిడ్‌ను, దానికి వచ్చే వైరును చూడాలి. 12 వోల్టుల కరెంటు అందినంతసేపే అది డీజిల్‌ను వదులుతుంది. గతుకులో వైరు వదులైతే చాలు, బండి ఆగుతుంది. అలా కాక ముందు లాగుడు తగ్గి, కుదుపులిచ్చి, మెల్లగా ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయితే డీజిల్ అందడం లేదని అర్థం. ఖాళీగా బాగా నడిచే బండి లోడు మీదే ఇలా చేస్తే అనుమానం మరింత బలపడుతుంది. లోడు మీద ఇంజిన్‌కు డీజిల్ ఎక్కువ కావాలి, సగం మూసుకుపోయిన దారి అంత ఇవ్వలేదు.

వెతకడం ట్యాంకు మూత నుంచే మొదలుపెట్టాలి. మూతకున్న గాలి రంధ్రం మట్టితో పూడితే, డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోతుంది. బండి ఆగగానే మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి పోవడం, ఆ వెంటనే ఇంజిన్ మామూలుగా నడవడం దీనికి గుర్తు. తర్వాత ట్యాంకులోని జాలీ, ఫిల్టర్లు చూడాలి. వానాకాలంలో, అందులోనూ సముద్రపు తేమ తగిలే సూరత్‌లో, సగం ఖాళీగా ఉండే ట్యాంకు లోపలి గోడలకు నీరు పడుతుంది. ఆ నీరు అడుగున చేరి తుప్పు తెస్తుంది. నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ఫిల్టర్ కొత్తది వేసిన కొద్ది రోజులకే మళ్లీ పూడితే ట్యాంకు దించి కడగాల్సిందే. ఫిల్టర్ కింది డ్రెయిన్ బోల్టు తిప్పి నీరు వదలడానికి మాత్రం రూపాయి ఖర్చు ఉండదు.

అన్నిటికంటే మోసం చేసేది ఎయిర్ పట్టడం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్‌ను లాగి పెద్ద డీజిల్ పంపుకు అందించే చిన్న పంపు) దాకా ఉన్న పైపులో డీజిల్‌ను పీల్చే బలమే పనిచేస్తుంది. అక్కడ రబ్బరు పైపు పగిలినా, వాషరు పాడైనా ఇంజిన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చిల్లు పడిన స్ట్రాతో కొబ్బరి బోండాం తాగినట్టు ఉంటుంది పంపు పరిస్థితి. పైకి ఏ తడీ కనిపించదు కాబట్టి పైపులు బాగున్నాయనే అనుకుంటారు. ఫిల్టర్‌కు ముందు ఒక పారదర్శకమైన పైపు ముక్క తాత్కాలికంగా పెడితే బుడగలు కనిపించి గుట్టు బయటపడుతుంది.

ట్యాంకు వైపు అనుమానాలన్నిటినీ ఒకేసారి తేల్చే పరీక్ష ఒకటుంది. ట్యాంకు పైపును తప్పించి, శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బాను కదలకుండా, నిప్పుకూ వేడికీ దూరంగా కట్టి, అందులోంచి ఫీడ్ పంపుకు నేరుగా పైపు వేయాలి. రిటర్న్ పైపును కూడా ఆ డబ్బాలోకే మళ్లించి, పైపుల్లో చేరిన గాలిని బయటికి వదిలి ఇంజిన్ నడిపించాలి. ఆగకుండా నడిస్తే లోపం ట్యాంకులోనో, అక్కడి నుంచి ఫీడ్ పంపుకు వచ్చే దారిలోనో ఉంది. అప్పటికీ ఆగితే ఫీడ్ పంపును, ఫిల్టర్‌ను, ఆ తర్వాతే పెద్ద డీజిల్ పంపును చూడాలి.

గాలి లోపాన్ని పొగ చెబుతుంది. నల్లటి పొగతో లాగుడు తగ్గితే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. మగ్గాల షెడ్ల దగ్గర తిరిగే బండ్ల ఎయిర్ ఫిల్టర్‌కు ధూళితో పాటు నూలు పొట్టు కూడా పడుతుంది. టర్బో ఉన్న బండికి గాలి గొట్టం చీలినా ఇదే పొగ. తెల్ల పొగ అయితే సరిగ్గా మండని డీజిల్ లేదా నీరు, నీలి పొగ అయితే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్టు. పొగే లేకుండా లాగుడు తగ్గితే మళ్లీ ఇంధనం దారికే రావాలి.

ఇంజిన్ వేడెక్కాక ఆగి, చల్లారేదాకా స్టార్ట్ కాని బండి సంగతి వేరు. రోటరీ రకం డీజిల్ పంపు లోపలి భాగాలు అరిగితే, వేడికి పలచబడిన డీజిల్ లోపలే జారిపోయి ఒత్తిడి లేవదు. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబరిస్తే స్టార్ట్ అవుతుందంటే పంపు అరిగినట్టే. ఇక మూడో ప్రశ్న, సిలిండర్ల బలం: ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసినప్పుడు పొగ దట్టంగా కొడితే, రింగులు అరిగి కంప్రెషన్ పోయిందేమో కొలిపించాలి.

పంపు నుంచి సిలిండర్ల నాజిళ్లకు వెళ్లే పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలుసుకోవడం పాత పద్ధతి. అక్కడ చిమ్మే డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోగలదు కాబట్టి చెయ్యి అడ్డం పెట్టకూడదు. వెయ్యి బార్లు దాటే ఒత్తిడితో నడిచే కామన్ రైల్ ఇంజిన్ల మీద ఈ పని అసలు చేయకూడదు. వాటికి స్కానర్ పెట్టి సెన్సర్ల కోడ్లు చదివించడమే సరైన దారి.

ఇంజిన్ తప్పేమీ లేకుండానే బండి లాగకపోవచ్చు. ఇంజిన్ అరుస్తున్నా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. కాసేపు నడిపాక ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసింది.

పంపు విప్పాల్సిందేనని తేలితే దాన్ని టెస్ట్ బెంచ్ ఉన్న చోటికే పంపాలి. తయారుచేసే కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా మెకానిక్‌లు ఇప్పటికీ మైకో అని పిలిచే పంపులకు, బెంచ్ మీద కొలవకుండా చేసిన సర్దుబాటు నిలవదు. బండి యజమానులు పంపు పనికి ఒప్పుకునే ముందు డబ్బా పరీక్ష చేసి చూపమని అడగాలి.