చదువుకు తలుపు తీసిన మాస్టారు

హైదరాబాద్‌లో ఫిల్మ్ నగర్ గురించి మీరు వినే ఉంటారు. అది సినిమా వాళ్ల పేట. దాని పక్కనే జూబ్లీహిల్స్. అక్కడ 46వ నంబరు రోడ్డుకు ఒక మాస్టారి పేరు పెట్టారు. ఆయనే ప్రొఫెసర్ జి. రాంరెడ్డి.

ఎవరీ రాంరెడ్డి గారు?

ఆయన 1929లో కరీంనగర్ జిల్లాలో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. పంచాయతీరాజ్ మీద పరిశోధన చేశారు. 1977లో ఆ యూనివర్సిటీకే వైస్ చాన్సలర్ అయ్యారు. వైస్ చాన్సలర్ అంటే యూనివర్సిటీని నడిపే పెద్ద.

మన ఊళ్లలో ఎందరో పిల్లలు పన్నెండు, పదమూడేళ్లకే బడి మానేస్తారు. మగపిల్లలు కూలికి పోతారు. ఆడపిల్లలకు పెళ్లి చేసేస్తారు. పెద్దయ్యాక చదవాలని ఆశ పుడుతుంది. కానీ పగలు కాలేజీకి పోతే కూలి ఎట్లా? పిల్లల్ని ఎవరు చూస్తారు?

అలాంటి వాళ్ల కోసం 1982లో హైదరాబాద్‌లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. మన దేశంలో ఇదే మొదటిది. రాంరెడ్డి గారే దానికి మొదటి వైస్ చాన్సలర్.

ఇందులో రోజూ కాలేజీకి పోనక్కర లేదు. పాఠాల పుస్తకాలు ఇస్తారు. వాటిని ఇంటి దగ్గర చదువుకోవాలి. తెలుగులోనే చదవొచ్చు. అనుమానం వస్తే దగ్గరలోని స్టడీ సెంటర్‌లో అడగొచ్చు. ఇంటర్ చదవని వాళ్ల కోసం అప్పట్లో ఒక అర్హత పరీక్ష పెట్టారు. అది పాసైతే చాలు, డిగ్రీలో చేరనిచ్చారు. బడి మానిన వాళ్లకు అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి!

1985లో ఢిల్లీలో దేశమంతటికీ ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. దాన్ని మొదలుపెట్టి నడిపే పని కూడా రాంరెడ్డి గారికే అప్పగించారు. 1991లో హైదరాబాద్ ఓపెన్ యూనివర్సిటీకి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టారు. ఇప్పుడది ఉన్నది రాంరెడ్డి గారి పేరున్న రోడ్డులోనే. ఆయన 1995లో చనిపోయారు.

మరి మనం ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే అందులో చేరి పదో తరగతి పరీక్ష రాయొచ్చు. తర్వాత ఇంటర్, ఆపైన డిగ్రీ. నియమాలు మారుతుంటాయి. చేరే ముందు అడిగి తెలుసుకోండి.

అక్షరాలు నేర్చుకున్నారు. ఇక్కడితో ఆగకండి.

ఆలోచించండి, చెప్పండి:

1. మీ వాడలో బడి మానిన పిల్లలు ఎవరెవరు? ఎందుకు మానారు?
2. మీకు దగ్గరలో ఓపెన్ స్కూల్ సెంటర్ ఎక్కడుంది?