సిల్‌ఫ్రా డైవింగ్: రీల్ చూసి ఐస్‌లాండ్ టికెట్ బుక్ చేస్తున్నారా? ముందు ఈ సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకోండి!

అద్దంలాంటి నీళ్లు.. రెండు వైపులా నిలువెత్తు రాతి గోడలు.. మధ్యలో తేలుతూ వెళ్తున్న డైవర్. ఐస్‌లాండ్‌లోని సిల్‌ఫ్రా వీడియో మీ ఫోన్‌లో ఒక్కసారైనా కనిపించే ఉంటుంది. చూడటానికి స్విమ్మింగ్ పూల్ అంత ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఆ నీళ్ల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. అంటే ఫ్రిజ్‌లో పెట్టిన వాటర్ బాటిల్ అంత చల్లన. అలాంటి నీళ్లలో దిగాలంటే ప్లాన్ మొదలవ్వాల్సింది ట్రైనింగ్‌తో. టికెట్ ఆ తర్వాతే.

అసలేంటీ సిల్‌ఫ్రా?

రాజధాని రెయిక్యావిక్ నుంచి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్క్ ఉంది. ఇది యునెస్కో వారసత్వ ప్రదేశం. భూమి పైపొరలోని ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఇక్కడ ఏటా సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాయి. అలా ఏర్పడిన పగులే సిల్‌ఫ్రా. హిమానీనదం కరిగిన నీళ్లు లావా రాళ్ల గుండా దశాబ్దాల పాటు వడకట్టుకుంటూ వచ్చి ఇందులో చేరతాయి. అందుకే 100 మీటర్ల దూరం వరకూ స్పష్టంగా కనిపిస్తుంది.

అండమాన్‌లో చేశాం కదా, సరిపోదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. అండమాన్‌లోనో, గోవాలోనో ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని చేసేది ట్రయల్ డైవ్ మాత్రమే. దానికి సర్టిఫికెట్ రాదు. ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసినా సిల్‌ఫ్రాకు అదొక్కటే చాలదు. డ్రై సూట్ సర్టిఫికెట్ ఉండాలి. లేదంటే గత రెండేళ్లలో డ్రై సూట్‌తో కనీసం 10 డైవ్‌లు చేసినట్టు లాగ్‌బుక్‌లో రికార్డు చూపించాలి. 18 మీటర్ల కంటే లోతుకు వెళ్లకూడదు. ఒంటరిగా దిగడం నిషేధం. 2017లో పర్యాటకుల మరణాల తర్వాత రూల్స్ ఇంకా టైట్ చేశారు.

డ్రై సూట్‌తో వచ్చే చిక్కేంటి?

నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. మన సముద్రాల్లో వాడే పల్చటి వెట్ సూట్ ఇక్కడ పనికిరాదు. డ్రై సూట్‌లోకి నీళ్లు రావు. లోపల వెచ్చటి బట్టలు వేసుకుంటారు, మధ్యలో గాలి ఉంటుంది. ఆ గాలితోనే అసలు సమస్య. కిందికి దిగేకొద్దీ గాలి కుంచించుకుపోయి సూట్ ఒంటిని బిగించేస్తుంది. అందుకే ఎప్పటికప్పుడు సిలిండర్ నుంచి సూట్‌లోకి గాలి నింపాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి వ్యాకోచిస్తుంది. వాల్వ్ ద్వారా వదలకపోతే మనిషి బెలూన్‌లా ఒక్కసారిగా పైకి దూసుకొస్తాడు. గాలి కాళ్ల వైపు చేరితే తలకిందులయ్యే ప్రమాదమూ ఉంది.

ఇది మాటవరసకు చెప్పే హెచ్చరిక కాదు. 2020లో అమెరికాలోని మోంటానాలో ఓ చల్లటి సరస్సులో 18 ఏళ్ల యువతి ప్రాణాలు కోల్పోయింది. ఆమెకు డ్రై సూట్ అనుభవం లేదు. సూట్‌లోకి గాలి నింపే హోస్ కూడా కనెక్ట్ అయి లేదు. దానికి తోడు ఒంటిపై బరువులు మరీ ఎక్కువ.

రెగ్యులేటర్ గడ్డకడితే?

డియోడరెంట్ స్ప్రే ఎక్కువసేపు నొక్కితే డబ్బా చల్లబడటం గమనించే ఉంటారు. సిలిండర్‌లో గట్టిగా నొక్కి నింపిన గాలి రెగ్యులేటర్‌లోకి వచ్చి వ్యాకోచించినప్పుడూ అదే జరుగుతుంది. చుట్టూ నీళ్లు కూడా చల్లగా ఉంటే లోపల మంచు కట్టి వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది. గాలి ఆగకుండా బయటకు పోతుంది. దీన్నే ఫ్రీ ఫ్లో అంటారు. నిమిషాల్లోనే సిలిండర్ ఖాళీ అయిపోవచ్చు. అందుకే చల్లటి నీళ్ల కోసం తయారైన రెగ్యులేటర్ తప్పనిసరి. నీళ్లలో దిగకముందు దాంతో శ్వాస తీయకూడదు. ఊపిరి పీలుస్తూనే సూట్‌లో గాలి నింపకూడదు. ఫ్రీ ఫ్లో మొదలైతే కంగారు పడకుండా గైడ్‌కు సైగ చేసి డైవ్ అక్కడితో ఆపేయాలి.

మరి ప్లాన్ ఎలా?

* ముందు డాక్టర్‌ను కలవాలి. చల్లటి నీళ్లలో రక్తనాళాలు కుంచించుకుపోయి గుండె, ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డైవింగ్‌కు క్లియరెన్స్ తీసుకోవాలి.

* తర్వాత ఓపెన్ వాటర్, ఆపై డ్రై సూట్ కోర్సు. మన దగ్గర నీళ్లు వెచ్చన కాబట్టి డ్రై సూట్ వాడకం అరుదు. బ్రిటన్‌లో చదువుతున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లకు స్టోనీ కోవ్ లాంటి చోట్ల ప్రాక్టీస్ కుదురుతుంది. ఐస్‌లాండ్‌లోనూ ఈ కోర్సు నేర్పే డైవ్ సెంటర్లు ఉన్నాయి. అక్కడే నేర్చుకోవాలంటే ట్రిప్‌లో అదనపు రోజులు పెట్టుకోవాలి.

* ఆ తర్వాత వీసా, ఇన్సూరెన్స్. ఐస్‌లాండ్‌కు షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం 30 వేల యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. అందులో స్కూబా డైవింగ్ కవర్ అవుతుందో లేదో చదివి చూసుకోవాలి. చాలా పాలసీలు దీన్ని మినహాయిస్తాయి.

* సీజన్ మారినా నీళ్ల చలి మారదు. బయటి వాతావరణం మాత్రం మారుతుంది. డిసెంబర్‌లో పగటి వెలుతురు నాలుగైదు గంటలే. డైవ్ తర్వాత తడి చేతులతో ఈదురుగాలిలో బట్టలు మార్చుకోవాలి. కొత్తవాళ్లకు వేసవి నెలలే నయం.

* రిటర్న్ ఫ్లైట్ అన్నిటికంటే చివర్లో ఫిక్స్ చేసుకోండి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు అంతకంటే ఎక్కువ చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. లేదంటే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలుగా మారే ప్రమాదం ఉంది. అందుకే డైవ్‌ను ట్రిప్ చివరి రోజుకు పెట్టుకోవద్దు.

సర్టిఫికెట్ లేనివాళ్ల సంగతేంటి?

వాళ్లకు స్నార్కెలింగ్ ఉంది. డ్రై సూట్ వేసుకుని గైడ్‌తో పాటు నీటి పైభాగంలోనే తేలుతూ చూడొచ్చు. డైవింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈత రావాలి, వయసు, ఎత్తు, బరువు నిబంధనలకు సరిపోవాలి. అంత దూరం వెళ్లాక డైవింగ్‌కు అనుమతి లేదంటే బాధగానే ఉంటుంది. కానీ నీళ్లు అంత స్పష్టంగా ఉంటాయి కాబట్టి, రీల్‌లో చూసిన ఆ నీలి లోయ పైనుంచి కూడా కనిపిస్తుంది.