త్రీనాట్‌త్రీ... అసలుదేనా?

పోలీస్‌స్టేషన్ గుమ్మంలో సెంట్రీ. అతని భుజాన పొడవాటి తుపాకీ. చివరిదాకా కర్ర తొడుగు, ముందు మొండి ముక్కులాంటి ఇనుప మూత. చిన్నప్పుడు దాన్ని చూసి భయపడనివాళ్లు తక్కువ. ఊరంతా 'త్రీనాట్‌త్రీ' అని పిలిచిన ఆ తుపాకీ అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది మరీ పాతకాలంలో కాదు, 2020 గణతంత్ర దినోత్సవాన!

మనం పాత సామాను కింద జమకట్టే ఈ తుపాకీ కోసం బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో సేకర్తలు ఏళ్లతరబడి వెతుకుతారు. దొరికాక చేసే మొదటి పని పేల్చి చూడటం కాదు. భూతద్దం తీయడం. ఎందుకంటే ఈ బజారులో బేరమంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది... ఇది అసలుదేనా?

నంబర్లే జాతకం

జేమ్స్ పారిస్ లీ అనే డిజైనర్ రూపొందించిన బోల్టు, మ్యాగజైన్ ఏర్పాటుకు లండన్ శివార్లలోని ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం పేరు కలిసి లీ-ఎన్‌ఫీల్డ్ అయింది. 1895లో సైన్యంలోకి వచ్చింది. పొట్టి చేసి, మెరుగులు దిద్దిన మూడో మార్కు 1907లో వచ్చింది. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో 0.303 వంతు. అందుకే త్రీనాట్‌త్రీ. మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ కందకాల్లో మన సిపాయిలు మోసిందీ ఈ కుటుంబపు తుపాకులనే.

ఇలాంటి రైఫిల్‌కు ఒంటినిండా పుట్టుమచ్చలుంటాయి. కుడిపక్క, చేతి పట్టు దగ్గర కిరీటం గుర్తు, ఫ్యాక్టరీ పేరు, తయారైన సంవత్సరం. ఇక క్రమసంఖ్య ఒక్కచోట ఉండదు. తూటా కూర్చునే గది మీద, గొట్టం మీద, బోల్టు పిడి మొదట్లో, ముక్కు మూత మీద, గురి చూసే పలక అడుగున... చివరికి కర్ర కింది భాగంలోనూ అదే నంబరు కొట్టేవారు. కారణం ఉంది. బోల్టును ఆ తుపాకీకే కుదిరేలా సరిచూసి బిగిస్తారు. పక్క తుపాకీది తెచ్చి పెడితే తూటా వెనక ఉండాల్సిన ఖాళీ మారిపోయి ప్రమాదం జరగవచ్చు.

కాబట్టి నంబర్లన్నీ కలిస్తే అసలుది, కలవకపోతే కాదు... అనుకుంటాం. కొత్తగా ఈ సరదాలోకి దిగినవాళ్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే.

సైన్యానికి తుపాకీ పూజగదిలో విగ్రహం కాదు. విరిగితే బాగుచేయాలి, మళ్లీ ఇవ్వాలి. సైనిక మరమ్మతుదారుడు బోల్టు మార్చినప్పుడు దాని మీది పాత నంబరుపై గీత కొట్టి, పక్కన కొత్తది వేసేవాడు. ఆ గీత చూడ్డానికి బాగుండదు. కానీ అంతకన్నా నిజాయతీ గల గుర్తు మరొకటి లేదు. మోసగాడు గీత కొట్టడు. పాత నంబరును ఆకురాయితో అరగదీసి, అక్కడ కొత్తది అచ్చు వేస్తాడు. అరగదీసిన చోట వేలితో తడిమితే కాస్త పల్లం తగులుతుంది. అంకెల ఆకారం ఆ ఫ్యాక్టరీ వాడిన అచ్చులతో కలవదు. నల్లపూత అంకెల లోపల ఒకలా, బయట ఒకలా ఉంటుంది. అన్ని నంబర్లూ మరీ ముచ్చటగా కలిసిన తుపాకీని అనుభవజ్ఞులు ఇంకాస్త ఎక్కువసేపు చూసేది అందుకే.

ఉప్పుకాగితం చేసిన పాపం

ఇనుము కన్నా కర్ర ఎక్కువ నిజం చెబుతుంది. కొత్తలో కర్ర అంచులు ఇనుము కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటాయి. తనిఖీదారుల ముద్రలు కర్రలోకి స్పష్టంగా దిగి ఉంటాయి. దశాబ్దాల అవిసె నూనె, చేతుల చెమట కలిసి ముదురు రంగు తెస్తాయి. ఎవరో మహానుభావుడు ఓ ఆదివారం తీరిగ్గా కూర్చుని ఉప్పుకాగితంతో రుద్ది, మెరిసే వార్నిష్ పూశాడనుకోండి... ముద్రలు మసకబారతాయి, అంచులు ఇనుము కన్నా కిందికి దిగుతాయి. వందేళ్లలో యుద్ధం చెరపలేనిది ఒక్క పూటలో పోతుంది. మళ్లీ తెచ్చే మార్గం లేదు.

మన దేశంలో పనిచేసిన తుపాకుల విషయంలో ఈ నష్టం మరీ ఎక్కువ. పశ్చిమబెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఈ రకాన్ని దశాబ్దాలపాటు తయారుచేసింది, బాగుచేసింది. బ్రిటిష్ కాలపువాటిపై కిరీటం కింద 'జీ.ఆర్.ఐ.' అక్షరాలుంటాయి. అంటే జార్జి రాజు, చక్రవర్తి అని. స్వాతంత్య్రం తరువాత ఆ స్థానంలోకి మన మూడు సింహాలు వచ్చాయి. కర్ర చీలిపోకుండా మ్యాగజైన్‌కు కాస్త ముందు అడ్డంగా ఒక మర బిగించేవారు. విదేశీ సేకర్తలు దాన్ని 'ఇషాపూర్ స్క్రూ' అనే పిలుస్తారు. తెలియనివాళ్లు మాత్రం ఎవరో పాడుచేశారని పీకేసి, చిల్లు పూడుస్తారు!

ఇంకొన్నిటికి ముందు భాగమంతా తీగ చుట్టి ఉంటుంది. గ్రెనేడ్‌ను దూరంగా విసరడానికి కేటాయించిన తుపాకులవి. ఒత్తిడికి గొట్టం పగిలినా ముక్కలు సిపాయి మొహాన పడకుండా ఆ కట్టు. దాన్ని విప్పి 'శుభ్రం' చేశామని మురిసినవాళ్లూ ఉన్నారు. ఒక సిపాయి ప్రాణానికి వేసిన కాపలా అది. దాన్ని చెత్తబుట్టలో వేసి దొరికే నున్నటి కర్రను అసలైనదని అనడానికి నాకైతే నోరు రాదు.

రాణి పోయాకా ఆమె ముద్రే!

నకిలీల కథ వినాలంటే పెషావర్‌కు దక్షిణాన ఉన్న దర్రా ఆదంఖేల్ వెళ్లాలి. అక్కడి కమ్మరులు ఆకురాయి, చిన్నచిన్న పనిముట్లతోనే బ్రిటిష్ తుపాకులకు నకళ్లు తీశారు. పనితనం అబ్బురమే. ఇబ్బందల్లా ఇంగ్లిష్ రాకపోవడం. చూసి దించిన అక్షరాల్లో కొన్ని తిరగబడ్డాయి. విక్టోరియా రాణి 1901లో మరణిస్తే, ఆమె ముద్ర పక్కనే అంతకన్నా ఎన్నో ఏళ్ల తరువాతి సంవత్సరం కొట్టినవీ ఉన్నాయి. ఇప్పుడు వాటికీ వేరే సేకర్తలున్నారు. నకిలీగా తెలిసి కొంటే తప్పేముంది?

అసలు చిక్కు చదువుకున్నవాళ్ల నకిలీలతోనే. అడవుల్లో యుద్ధానికి 1944 నుంచి తయారైన పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్‌కు 'జంగిల్ కార్బైన్' అని పేరు. గిరాకీ ఎక్కువ కావడంతో అమెరికాలో మామూలు రైఫిళ్లను కోసి, ముందు గరాటులాంటి మూత బిగించి అదే పేరుతో అమ్మారు. గరాటు ఎవరైనా బిగించగలరు. బరువు తగ్గించడానికి ఫ్యాక్టరీలో ఇనుము లోపల తొలిచిన గాడులు మాత్రం వాటిలో ఉండవు. దానిమీద ఇషాపూర్ ముద్ర కనిపిస్తే ఇక వెతికే పనేలేదు. ఆ రకం తయారైంది ఇంగ్లండ్‌లోని రెండు ఫ్యాక్టరీల్లోనే.

అమెరికన్ల సొంత రైఫిల్ ఎం1 గ్యారండ్‌ది మరో తరహా తగువు. 1936లో సైన్యం స్వీకరించిన దీన్ని యాభై లక్షలకు పైగా తయారుచేశారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత విప్పి, భాగాలు కలగలిపి మళ్లీ బిగించారు. సేకర్తలు ఇప్పుడు క్రమసంఖ్యను బట్టి తయారైన నెల లెక్కగట్టి, ఆ నెలకు తగ్గ భాగాలు ఒక్కొక్కటే తెచ్చి అమరుస్తారు. అలాంటిదాన్ని 'కరెక్ట్' అంటారు తప్ప 'ఒరిజినల్' అనరు. అనకూడదు కూడా. అమ్మేటప్పుడు ఆ ఒక్క మాట మింగేసేవాళ్ల వల్లే గొడవలన్నీ.

'డీ.పీ.' అనే రెండు అక్షరాలుంటే మరీ జాగ్రత్త. కవాతుకే తప్ప కాల్చడానికి పనికిరాదని సైన్యమే వేసిన ముద్ర అది. దాన్ని అరగదీసి అమ్మితే పోయేది కొన్నవాడి డబ్బే కాదు, కన్నో చెయ్యో కూడా.

మన దగ్గర ఈ సరదాకు దాదాపు చోటులేదు. త్రీనాట్‌త్రీ సైనిక తూటా కనుక, పౌరుల కోసం ఇషాపూర్ అదే నమూనాలో .315 రైఫిల్ చేసింది. కాపలా సిబ్బందికైతే బ్రిటిష్‌వాళ్లు త్రీనాట్‌త్రీ గొట్టాన్నే నున్నగా తొలిచి, ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే .410 మస్కెట్‌గా మార్చి ఇచ్చారు. అది ఎవరి చేతిలో పడ్డా సైన్యం తూటాలు పేల్చకూడదని వాళ్ల జాగ్రత్త. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, మరమ్మతు చేసినా పేలని పురాతన తుపాకులకే మినహాయింపు. తాతగారి అటకమీద పాత తుపాకీ కనిపిస్తే మాత్రం అది పేలుతుందో లేదో మీరే తేల్చేయకండి. ముందు పోలీసులకు తెలియజేయండి. ఈలోగా ఉప్పుకాగితం జోలికి వెళ్లకండి.