నంది కనమ

నంద్యాలనుండి గిద్దలూరునకు పోవు మార్గము సుమారు 60 కిలోమీటర్లు. నేడు దీనికి 544-డి సంఖ్యగల జాతీయ రహదారి యని పేరు. పూర్వులు దీనిని నంది కనమ యనిరి. కొండల నడుమ దాటుటకు వీలైన సందును కనమ యందురు. మొన్న కార్తిక మాసమున నొకనాటి యుదయమున మేమీ మార్గమున మోటారులో పోయితిమి.

నంద్యాల విడిచిన తరువాత కొంతదూరము నల్లరేగడి భూములు. కర్నూలు–కడప కాలువ పారుదలలో వరిచేలు పొట్టకు వచ్చి నిండుగ నున్నవి. గాజులపల్లె దాటినంతనే నల్లమల యెదురగును. టేకు, ఏగిస, మద్ది, వెదురు దారి కిరువైపుల నలముకొనినవి. మలుపు మలుపునకు కూత వేయనిదే బండి కదలదు. ఎదుట నేమున్నదో తెలియదు. గడచినది వెంటనే మరుగగును. దారిలోని సర్వనరసింహస్వామి గుడికడ లారీవారు టెంకాయ కొట్టి ముందునకు సాగుదురు. వారి భక్తికి ఘాటు మలుపులే గురువులు.

ఇన్ని వంపు లేల యని మోటారునందు కూర్చున్నవానికి విసుగు కలుగవచ్చును. కాని యీ వంపులు మోటారు కొరకు పుట్టినవి కావు. నిట్టనిలువు బాటను మేక యెక్కును, మనుష్యుడు చేతికఱ్ఱ పూని యెక్కును; బరువు లాగు ఎద్దు ఎక్కలేదు. దాని ఊపిరి నిలుచునంత వాలుగా బాట తీయవలెనన్న కొండను చుట్టి చుట్టి పోవలసినదే. మూగజీవము శక్తిని కొలబద్దగా చేసికొని పూర్వులు తీసిన కొలతమీదనే నేటి తారురోడ్డు పరచుకొని యున్నది.

బండ్లబాట రాకమునుపు ఇది పెరిక యెద్దుల బాట. లంబాడీలు బిడారులు కట్టి తూర్పుతీరపు ఉప్పును కొండమీదుగా పడమటి సీమకు తెచ్చి, ఇచ్చటి సరకుల నటకు కొనిపోవుచుండిరి. నల్లమల కనుమలకు కావలివారు చెంచులు. బాటసారులను క్షేమముగా కొండ దాటించినందుకు వారికి రుసుములు ముట్టుచుండెను. దారి యెవరిదని యడిగినచో మొదట చెప్పవలసిన పేరు వారిదే.

రాజ్యములు మారినకొలది కనమయొక్క అర్థమును మారెను. 1800లో నిజాము దత్తమండలములను కంపెనీవారికి వ్రాసియిచ్చెను. ఆనాటినుండి కొండకు తూర్పుననున్న కంభము కంపెనీ యేలుబడిలోని కడప మండలము. పడమటనున్న నంద్యాల కర్నూలు నవాబుది. 1839లో నవాబు గులాం రసూలు ఖానును పదభ్రష్టుని చేసి కంపెనీవారు కర్నూలును కలుపుకొనువరకు నల్లమల రెండు దొరతనముల సరిహద్దు. 1858లో కంభము, మార్కాపురము కడపనుండి విడివడి కర్నూలులో చేరినవి. అది మొదలు 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువరకు కొండ కిరువైపుల వారిదియు నొకటే జిల్లా.

దొరతనములకు గోడయైన కొండ తిరుగుబాటునకు కోట యయ్యెను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై బడి, పిమ్మట తూర్పున గిద్దలూరు ప్రాంతమున కంపెనీ సేనతో పోరాడెను. వెంబడించు సేన కీ యడవి చిక్కుదారి, ఆయనకు పెరటిదారి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరిదీసిరి.

కాని దారి విలువ నిజముగా తెలియునది కరవునాడు. ధాత సంవత్సరపు కరవని నేటికిని పెద్దలు చెప్పుకొను 1876–78 క్షామమున కర్నూలు, కడప, బళ్ళారి మండలములు మలమల మాడినవి. కర్నూలు పట్టణమునకు నాడు రైలు లేదు. చెన్నపట్టణమునుండి వచ్చు ధాన్యము దూరపు స్టేషనులలో దిగవలెను. అక్కడనుండి పల్లెలకు చేర్చుటకు ఎడ్లు కావలెను. మేతలేక ఎడ్లే ముందుగ చచ్చినవి. చదునునేలనే గింజ కదలనప్పుడు కనమకావలి కంభము, మార్కాపురముల గతి యేమని చెప్పవలెను? 1877లో సర్ రిచర్డు టెంపులు వచ్చి, కరవుపనులలో మట్టి మోయు పురుషునకు దినమునకు ఒక పౌను గింజలును, పైని కొలది డబ్బును చాలునని కూలిని కోసివైచెను. ఆ యేండ్లలోనే యీ దేశపు ధాన్యము ఓడలెక్కి సీమకు పోవుచునే యుండెను. 1871 జనాభా లెక్కలకును 1881 లెక్కలకును నడుమ కర్నూలు మండల జనసంఖ్యలో ఇంచుమించు నాలుగవవంతు తరిగినది.

అంతమంది పోయిన తరువాత సర్కారుకు మెలకువ వచ్చినది. 1880లో క్షామ విచారణ సంఘము కరవుసీమలకు రైలుదారులు వేయవలెనని సలహా చెప్పినది. బళ్ళారి–కృష్ణా రైలుమార్గ మట్టి క్షామనివారణ మార్గమే. అది నల్లమలను తొలిచి నంద్యాలను గిద్దలూరుతో కలిపినది. దొరబావికడ లోతైన లోయమీద ఎత్తైన ఇనుపవంతెన కట్టిరి. 1990 దశకమున పెద్దపట్టాలు వేరుదారిన పడగా ఆ వంతెన పని తీరినది. తెల్లవారి మేలునకిది నిదర్శనమనువారు కలరు. మే మా యినుమును, ఆ యింజనీర్ల నేర్పును కాదనము. కాని రైలు ధాన్యమును తెచ్చును, కొనిపోవును. ఏది జరుగవలెనో నిర్ణయించునది పట్టాలు కాదు, ప్రభుత్వము. ఆ దారి పదేండ్లు ముందు పడియుండినను, గింజను ఓడకెక్కించువారే యేలికలైనచో ఎంత మేలు జరిగియుండెడిదో చదువరులే యూహింపవచ్చును.

ఘాటు దిగి దిగువమెట్టకడ తేనీటికై ఆగితిమి. అచ్చట బస్సుకొరకు కూర్చున్న యొక వృద్ధ కృషీవలుని వానలనుగూర్చి యడిగితిమి. అతడు కొండవైపు చేయి చూపి, "ఆపక్క నీళ్లుండాయి సామీ, ఈపక్క మేముండాము. నడిమద్దెన కొండుండాది" అనెను. ఇంతకంటె పొందికగా ఈ సీమ చరిత్రను చెప్పిన గ్రంథమును మేము చదువలేదు.

అతని మాట భూగోళశాస్త్రమునకును సరియైనది. కనమమీద పడమట కురిసిన వాన కుందేటిలో కలిసి పెన్నకు పోవును. తూర్పున కురిసినది సగిలేటికిని, గుండ్లకమ్మకును చేరును. కృష్ణ మాత్రము నల్లమల ఉత్తరాగ్రమును చీల్చుకొని పోవును. తూర్పు తాలూకాలకు పెద్ద దిక్కు విజయనగర కాలమున గుండ్లకమ్మ కడ్డముగ కట్టిన కంభము చెరువు. 1928లో నంద్యాల సభలో దత్తమండలమను దాస్యనామము విడిచి రాయలసీమ యని పేరు పెట్టుకొంటిమి. 1937 నవంబరు 16న జరిగిన శ్రీబాగు ఒడంబడికలో నీటిపారుదలయందు ఈ సీమకు అగ్రస్థానమని పెద్దలు మాట యిచ్చిరి. పేరు దక్కినది. మాట కాగితముమీద నున్నది.

కొండకావలి కృష్ణనీటిని ఈవలకు తెచ్చుటకే వెలిగొండ పథకము. 1996లో శంకుస్థాపన జరిగినది. శ్రీశైలము జలాశయపు ఒడ్డున కొల్లంవాగునుండి నల్లమల గర్భమున, ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున, రెండు సొరంగములు తలపెట్టిరి. మొదటి దాని త్రవ్వకము 2021లోను, రెండవదానిది 2024 జనవరిలోను ముగిసినవి. ఎద్దుకు బాట, రైలుకు బోగద, ఇక నీటికి సొరంగము: నల్లమలను మనుష్యుడు దాటిన క్రమమిది. అయితే సొరంగము త్రవ్వినంతనే పొలము తడువదు. కాలువ త్రవ్వవలెను. జలాశయము నిండుటకు ఊళ్లు విడిచి లేచిపోవలసినవారికి ముందుగ ఇల్లును, బ్రతుకుతెరువును చూపవలెను. ఒకరి దాహము తీర్చుటకు వేరొకరిని నిలువనీడ లేనివారిగా చేయుట ధర్మము కాదు. ఈ పనులలో ఏది వెనుకబడినను సొరంగమును చరిత్ర మరియొక దొరబావి వంతెనగానే లెక్కించును.

కాలువక్రింద రెండు పంటలు పండించుకొను నంద్యాల కామందులకు మా మనవి యొక్కటే. ఒక్కమారు ఈ ఘాటు దాటి గిద్దలూరువరకు పోయి రండు. మలుపులకు విసుగుకొనకుడు, ప్రతి మలుపు కడను ఒక ఎద్దు అలసి నిలిచినదని తలచుకొనుడు. కొండ దిగిన తరువాత ఏదేని యొక పల్లెలో ఆగి మంచినీ రడుగుడు. ఆ నీటి రుచి నాలుకకు తెలిసినవాడు శ్రీబాగు మాటను మరువజాలడు.