రైతు కొలిచిన ఆల్ప్స్

ఇన్స్‌బ్రుక్ దగ్గరి ఓబర్‌పెర్‌ఫుస్ పల్లెలో పుట్టిన పీటర్ ఆనిఖ్ రైతు. చెక్కను తరిమెన పట్టే పనీ వచ్చు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నగరంలోని జెస్యూట్ ఆచార్యుడు వైన్‌హార్ట్ దగ్గరికి వెళ్లి, సెలవు రోజుల్లో గణితం, ఖగోళం నేర్చుకున్నాడు. ఆ రైతే ఆల్ప్స్ పర్వతాల మధ్యనున్న టైరోల్ ప్రాంతాన్ని కొలవడానికి పూనుకున్నాడు. 1766లో నలభై మూడేళ్లకే జ్వరంతో కన్నుమూస్తే, అదే పల్లె రైతు బ్లాసియస్ హ్యూబర్ పని పూర్తిచేశాడు. 1774లో వియన్నాలో ‘అట్లాస్ టైరోలెన్సిస్’ వెలువడింది. ఇరవై పెద్ద కాగితాల పటం. నేల మీది కిలోమీటరు అందులో దాదాపు సెంటీమీటరు.

ఎక్కని శిఖరాన్ని పటంలో ఎలా పెట్టగలం? చదునైన చోట ఒక గీత పొడవు కచ్చితంగా కొలవాలి. దాని రెండు కొసల నుంచీ శిఖరం ఏ కోణంలో కనిపిస్తోందో చూడాలి. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం తేలిపోతుంది. ఓర్ట్‌లర్ టైరోల్ మొత్తంలో ఎత్తైనదని ఈ పటం మీద రాసి ఉంది. ఆ 3,905 మీటర్ల శిఖరాన్ని మనిషి మొదటిసారి ఎక్కింది 1804లో!

ఈ పటాన్ని అచ్చు కోసం రాగి రేకుల మీద చెక్కినవాడు యోహాన్ ఎర్న్‌స్ట్ మాన్స్‌ఫెల్డ్. నునుపైన రాగి రేకు మీద ఉక్కు ఉలితో గాట్లు పెట్టాలి, ఊళ్ల పేర్లతో సహా అంతా కుడియెడమలు తారుమారుగా. సిరా పూసి తుడిస్తే అది గాట్లలోనే మిగులుతుంది. తడి కాగితం పరిచి రోలర్ల మధ్య నొక్కితే కాగితం ఆ సిరాను పైకి లాగుతుంది. అందుకే అసలు ప్రతిలో గీతలు కాస్త ఉబ్బి ఉంటాయి. చుట్టూ రేకు అంచు నొక్కిన గుర్తు కనిపిస్తుంది.

ఈ అచ్చులో బూడిదరంగు ఉండదు, ఉన్నవి గీతలే. నీడ కావాలంటే గీతల్ని దట్టంగా చెక్కాలి. మాన్స్‌ఫెల్డ్ కొండలకు ఒక పక్క అలా నీడ దిద్దాడు, కళ్లు తిప్పుకోలేనంత అందంగా. అయితే చూసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: కొండ ఎక్కడుందో కొలిచి పెట్టిందే, దాని వాలు మాత్రం కంటికి తోచినట్టు దిద్దినది. సమాన ఎత్తు రేఖలు అందులో లేవు.

రాగి మెత్తన. అచ్చు తీసేకొద్దీ గాట్లు అణిగి, ముందుగా సన్న గీతలే మాయమవుతాయి. కొండల నీడలు ఉన్నది ఆ గీతల్లోనే. తొలి ప్రతులకు అంత గిరాకీ అందుకే. తప్పు దొర్లితే రేకును వెనక నుంచి సుత్తితో కొట్టి, గాటు పూడ్చి, మళ్లీ చెక్కేవారు. అందువల్ల ఒకే రేకు నుంచి వేర్వేరు కాలాల్లో తీసిన ప్రతులు అచ్చంగా ఒకేలా ఉండాలని లేదు.