శాంతానికి ఎన్ని పేర్లో!

హింస, ఆవేశం, ఉద్రేకం... వీటికి వ్యతిరేక పదం ఏమిటని అడిగితే ఎవరైనా తడుముకోకుండా 'శాంతం' అంటారు. సమాధానం సరైనదే. కానీ మన మహర్షులు ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. మనసు కల్లోలపడే తీరులు అనేకం కనుక, దానిని కుదుటపరచే గుణాలకూ వేర్వేరు పేర్లు పెట్టారు. ఆ పేర్ల నడుమ ఉన్న భేదాన్ని గ్రహిస్తే సాధన సులువవుతుంది.

గీతాచార్యుని జాబితా

భగవద్గీత 16వ అధ్యాయం ఆరంభంలో శ్రీకృష్ణ పరమాత్మ దైవీ సంపదను వివరించాడు. అందులో అహింస, అక్రోధం, శాంతి, మార్దవం, అచాపలం, క్షమ, అద్రోహం అనే పదాలు కనిపిస్తాయి. పైకి ఇవన్నీ ఒకే అర్థం ఇచ్చేవిగా తోస్తాయి. ఆదిశంకరులు తమ భాష్యంలో వీటిని విడదీసి చూపారు. శాంతి అంటే అంతఃకరణం ఉపశమించడం. మార్దవం అంటే మృదుత్వం. అద్రోహం అంటే పరులకు కీడు చేయాలన్న తలంపే లేకపోవడం. అచాపలం అంటే ప్రయోజనం లేకుండా నోటిని, కాళ్లను, చేతులను ఆడించకపోవడం.

క్షమకూ అక్రోధానికీ వారు చెప్పిన తేడా మరీ విలువైనది. ఎవరైనా దూషించినా, కొట్టినా లోపల వికారమే పుట్టకపోవడం క్షమ. పుట్టిన వికారాన్ని అణచివేయగలగడం అక్రోధం. 'నాకు కోపం వస్తుంది, ఇక నాకు ఆధ్యాత్మికత ఎక్కడిది?' అని కుంగిపోయేవారికి ఇది గొప్ప ఊరట. కోపం రావడంతోనే అంతా చేజారిపోలేదు. వచ్చిన కోపం మాటగా, చేతగా మారకముందే చల్లార్చగలిగితే అదీ దైవీ సంపదే!

ఉగ్రుడూ ఆయనే, శాంతుడూ ఆయనే

శాంతమంటే చేతగానితనం కాదు. విష్ణు సహస్రనామాలలో 'ఉగ్రః' అన్న నామం ఉంది. 'శమః', 'శాంతః', 'శాంతిః' అన్న నామాలూ ఉన్నాయి. సింహాచల క్షేత్రాన్ని తలచుకోండి. హిరణ్యకశిపుని సంహరించిన నరసింహుడు అక్కడ ఏడాది పొడవునా చల్లని చందనపు పూతలోనే దర్శనమిస్తాడు. నిజరూప దర్శనం లభించేది వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే. చందనం స్వామి శక్తిని తగ్గించదు, చల్లబరుస్తుంది. మన మనసుకు శమదమాలు అటువంటి చందనమే. అంతరింద్రియమైన మనసును నిగ్రహించడం శమం, బాహ్యేంద్రియాలను నిగ్రహించడం దమం.

మన తెలుగు మాటలు

అచ్చ తెలుగులోనూ ఈ సంపదకు కొదవ లేదు. ఓర్పు, తాలిమి, నెమ్మది, నిమ్మళం, కుదురు... ఎంత చక్కని మాటలు! జ్వరం తగ్గితే 'నెమ్మదించింది' అంటాం. అంటే నెమ్మది ఆరోగ్య లక్షణమన్నమాట. అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా దాని కింద పెట్టే చుట్టను 'కుదురు' అంటారు. మనసూ అటువంటి కుండే. దైవచింతన అనే కుదురు మీద నిలిపితే అందులోని అమృతం ఒలికిపోదు.

శాంతి మంత్రం చివర ఆ మాటను ముమ్మారు పలుకుతాం. మన లోపలి నుంచి, ఇతర ప్రాణుల నుంచి, దైవికంగా వచ్చే మూడు విధాల తాపాలూ ఉపశమించాలన్నది అందులోని ప్రార్థన. మిగిలిన రెండూ మన చేతిలో లేకపోవచ్చు. మొదటిది మాత్రం మన చేతిలోనే ఉంది. ఈసారి ఇంట్లోనో, వీధిలోనో మాట తూలబోయే క్షణాన పైన చెప్పిన పేర్లలో ఒక్కదాన్ని స్మరించండి. ఆ పేరు మీ స్వభావంగా మారే వరకు స్మరిస్తూనే ఉండండి.