ఇంటికొచ్చే సెలైన్, ఎండకు ఆగని మందు

రొళ్ల నుంచి మడకశిర మీదుగా హిందూపురం ఆసుపత్రికి వెళ్లి రెండు వారాలు అడ్మిట్ కావాలంటే రైతు కుటుంబానికి అది చిన్న కష్టం కాదు. జ్వరం ముందే దిగిపోవచ్చు, మనిషి లేచి తిరగొచ్చు. అయినా ఆరు గంటలకో, ఎనిమిది గంటలకో నరంలోకి ఎక్కాల్సిన యాంటీబయాటిక్ కోసం వార్డులోనే ఉండాలి. పొలం పని ఆగుతుంది, తోడున్నవాళ్ల కూలి పోతుంది.

2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాలు జరిగినప్పుడు, ఇలాంటి చికిత్సే కావాల్సిన మెలియాయిడోసిస్ పేరు పత్రికల్లో మారుమోగింది. మట్టిలో, నీటిలో బతికే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు ఇది. షుగరు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. కనీసం 10 నుంచి 14 రోజులు సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్ నరంలోకి ఎక్కించాలి. ఆ తర్వాత మూడు నెలలకు తగ్గకుండా మాత్రలు వాడాలి.

ఈ జబ్బు తరచూ కనిపించే ఆస్ట్రేలియా ఉత్తర తీర నగరం డార్విన్‌లో వైద్యులు ఒక దారి కనిపెట్టారు. 24 గంటలకు సరిపడా సెఫ్టాజిడైమ్‌ను చిన్న పంపులో నింపి, చేతి నరంలోంచి గుండె దగ్గరి పెద్ద నరం దాకా వేసిన సన్నని గొట్టానికి తగిలించి రోగులను ఇంటికి పంపారు. ఆ అనుభవాన్ని 2004లో ప్రచురించారు. అంతకు ముందే, 1974లో, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లలకు ఆసుపత్రి బయటే యాంటీబయాటిక్ ఎక్కించిన వివరాలు అమెరికాలో వెలువడ్డాయి.

ఈ ఎలాస్టోమెరిక్ పంపుకు మోటారు ఉండదు, బ్యాటరీ అక్కర్లేదు. లోపల రబ్బరు బుడగ ఉంటుంది. మందు నింపితే ఉబ్బుతుంది, మెల్లగా ముడుచుకుంటూ మందును బయటికి తోస్తుంది. గొట్టంలో ఒకచోట ఉండే అతి సన్నని దారి వేగాన్ని అదుపులో ఉంచుతుంది. కరెంటు పోయినా ఇది ఆగదు.

చిక్కల్లా మందుతోనే.

సీసాలో పొడిగా ఉన్నంతకాలం సెఫ్టాజిడైమ్ నెలల తరబడి చెడదు. నీళ్లు కలపగానే బుడగలు లేస్తాయి, ద్రవం లేత పసుపు రంగుకు వస్తుంది. అప్పటి నుంచి దాని ఆయుష్షు గంటల్లోకి దిగిపోతుంది. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందుల బలమంతా బీటా-లాక్టమ్ అనే నాలుగు పరమాణువుల వలయంలో ఉంటుంది. నీళ్లు ఆ వలయాన్ని తెంపుతూ పోతాయి, వేడి ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. 25 డిగ్రీల దగ్గర రోజంతా నిలిచే సెఫ్టాజిడైమ్, 37 డిగ్రీల దగ్గర 24 గంటల్లోపే పది శాతానికి మించి విరిగిపోతుంది. పైగా అది విరిగినప్పుడు పిరిడిన్ అనే హానికర పదార్థం పుడుతుంది.

మెరోపెనెమ్ ఇంకా సున్నితం. రోజంతటికీ ఒకే పంపు నింపితే కుదరదు. సెఫాజొలిన్ మాత్రం ఒంటి వేడికీ రోజంతా తట్టుకుంటుంది. పెన్సిలిన్-జికి సిట్రేట్ కలిపితే ఎక్కువసేపు నిలుస్తుంది.

ఒంటికి కట్టుకునే పంపులోని మందును బ్రిటన్‌లో 32 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. చాలా మందులు గడువు ముగిసేసరికి 95 శాతం మిగలాలని అక్కడి నియమం. మరి మే నెల మధ్యాహ్నం ధర్మవరంలోనో పెనుకొండలోనో రేకుల ఇంట్లో ఉన్న రోగి సంగతేమిటి? అక్కడ వేడి 32 దగ్గర ఆగదు. వేడికి ద్రవం పలచబడి పంపు కూడా వేగంగా నడుస్తుంది. డార్విన్ లెక్కను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. మన వేసవి వేడిలో పరీక్షించి గడువు తేల్చాలి, పంపును పూటపూటకూ మార్చాలి, చల్లని సంచి ఇవ్వాలి. రోగకారక క్రిమి లొంగేదైతే, రోజుకొక్కసారి వేసే సెఫ్ట్రియాక్సోన్‌ను దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే వేయించుకోవచ్చు. మెలియాయిడోసిస్‌కు మాత్రం అది పనికిరాదు.

పంపుతో ఇంటికి పంపేటప్పుడు మందు ఏ గంటకు కలిపారో, ఏ గంటకు అయిపోవాలో లేబుల్ మీద రాయించుకోవాలి. తర్వాతి పంపును ఎక్కడ దాచాలో, కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే ఏం చేయాలో అడగాలి. బుడగ అనుకున్న వేళకు ముందే ఖాళీ అయినా, వేళ దాటినా ఉబ్బుగానే ఉన్నా, ద్రవం రంగు ముదిరినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.